కారణము దొరకని పసిపిల్లల జ్వరము



ఖమ్మము మెట్టపొలములకును భద్రాచలపు అడవులకును నడుమనున్న మన గ్రామములకు జ్వరము క్రొత్తది కాదు. తొలకరి వెళ్లి, వాగులు నిండి, వరినాట్లు ముగియునప్పటికి ప్రతి వీథిలోను ఎవరో ఒకరు మంచము పట్టియుందురు. చలితో వణకించునది మలేరియా యనియు, ఒడలెల్ల విఱిచివేయునది డెంగీ యనియు, వారములకొలది వదలక పట్టునది టైఫాయిడు అనియు, ఒంటిమీద ఎఱ్ఱగా పోసినది తట్టు అనియు మన యిండ్లలోని పెద్ద ముత్తైదువలు సైతము పోల్చగలరు. ఇవి యన్నియు కారణము తెలిసిన జ్వరములు. కారణము తెలిసినది గనుకనే దోమతెర కట్టుకొనుచున్నాము, నీరు కాచి త్రాగుచున్నాము, బిడ్డలకు తట్టుటీకా వేయించుచున్నాము.

నేటి ప్రసంగమునకు విషయము వీనిలో చేరని యొక జ్వరము. ఇది ప్రాయికముగా అయిదేండ్లలోపు బిడ్డలకు వచ్చును. ఒడలిలోని రక్తనాళముల గోడలను వాచునట్లు చేయును. అందును హృదయమునకు రక్తము నందించు సన్నని ధమనులను పట్టుకొన్నచో, వాని గోడలు బలము తప్పి బుగ్గలవలె ఉబ్బును. ఆ యుబ్బిన చోట రక్తము గడ్డకట్టినయెడల పసిబిడ్డకు గుండెపోటు వచ్చును. దీనికి కవసాకి వ్యాధి యని పేరు. 1961వ సంవత్సరము మొదలు నేటివఱకు, అఱువది యేండ్లకు పైగా, పెక్కు దేశముల వైద్యులు దీని కారణమును వెదకుచున్నారు. అది యింకను దొరకలేదు.

దొరకని దానిని గూర్చి చెప్పుట కేమున్నదని మీ రడుగవచ్చును. కారణము తెలియని రోగము నెదుట మనుష్యుడు ఎట్లు నడుచుకొనవలెనో ఈ వ్యాధి కథ నేర్పును. ఆ నడవడిమీదనే పసిప్రాణములు నిలిచియున్నవి. కావున పెద్దలగు మీ చెవిని వేయుచున్నాను.

మన ఆయుర్వేదశాస్త్రము రోగమును తెలిసికొనుటకు అయిదు మార్గములు చెప్పినది. రోగమునకు హేతువు నిదానము. రోగము రాబోవుటకు ముందు కనబడు సూచన పూర్వరూపము. వచ్చిన పిమ్మట కనబడు లక్షణము రూపము. ఏ మందు, ఏ పథ్యము ఇచ్చిన శాంతించునో చూచి పోల్చుట ఉపశయము. దోషము ఒడలిలో ఏ త్రోవను నడచి రోగమైనదో ఆ క్రమము సంప్రాప్తి. ఈ అయిదింటిలో మొదటిది చిక్కలేదని తక్కిన నాలుగింటిని విడిచిపెట్టుమని ఏ శాస్త్రకారుడును చెప్పలేదు. కవసాకి వ్యాధి విషయమున జరిగినది సరిగా ఇదియే.

తోమిసాకు కవసాకి యను పిల్లల వైద్యుడు తోక్యో నగరమునందలి రెడ్‌క్రాసు ఆసుపత్రిలో కొలువు చేయుచుండెను. 1961 జనవరిలో నాలుగేండ్లు నిండిన యొక బాలుని ఆయనయొద్దకు తెచ్చిరి. తీవ్రజ్వరము, ఎఱ్ఱని కన్నులు, పగిలిన పెదవులు, ఒంటిమీద దద్దులు, వాచిన చేతులు, మెడయందు బిళ్ల. ఆయన చదివిన ఏ గ్రంథమునందును ఈ లక్షణములు ఒక్కచోట చెప్పబడి యుండలేదు. బాలుడు కొన్నాళ్లకు కోలుకొని యింటికి పోయెను. ఏదో యొక తెలిసిన జ్వరము పేరు వ్రాసి కాగితము మూసివేయుట సులభము. ఆయన అట్లు చేయక, తెలియలేదని యొప్పుకొని, చూచినది చూచినట్లు వ్రాసిపెట్టెను. మఱుసటి యేడు అటువంటి రోగియే మఱియొకడు వచ్చెను. ఇట్లు ఒక్కొక్కరినే కూర్చుచు 1967లో 50 మంది పిల్లల వృత్తాంతమును జపాను భాషలో ప్రకటించెను. ఇది క్రొత్త వ్యాధి కాదని వాదించినవారు కలరు. గుండెకు హాని లేదని తలచినవారును కలరు. 1970 నుండి జపాను దేశమంతట లెక్కలు తీయగా, జ్వరము తగ్గి నెమ్మదించినదనుకొన్న పిల్లలలో కొందఱు హఠాత్తుగా మరణించిరనియు, వారి హృదయధమనులలో బుగ్గలును గడ్డలును ఉండెననియు బయటపడెను. 1974లో ఇంగ్లీషున ప్రకటింపగా ప్రపంచమంతటికి తెలిసినది. ఆ వైద్యుడు 2020లో తన 95వ యేట పరమపదించెను. కారణమును చూడకయే వెళ్లెను.

కారణాన్వేషణము ఎట్లు సాగినదో ఇక వినుడు. మన తార్కికులు కారణమునకు లక్షణము చెప్పునప్పుడు, కార్యమునకు ముందు తప్పక యుండవలెననియు, ఊరక ప్రక్కనుండుట చాలదనియు నియమించిరి. కుండ కావలెనన్న మన్ను కావలెను, సారె కావలెను, కుమ్మరి కావలెను. మన్ను మోసికొనివచ్చిన గాడిదయు కుండకు ముందున్నదే. అయినను అది కుండకు కారణము కాదు. మన్ను బండిమీద వచ్చినను కుండ అగును. రోగకారణమును వెదకువారికి ఈ గాడిద అడుగడుగున ఎదురగుచుండును.

1980 దశకము తొలినాళ్లలో అమెరికాదేశపు డెన్వరు పట్టణమున ఈ వ్యాధి పలువురు పిల్లలకు రాగా, వారి యిండ్లలో అంతకు కొలదిదినములు ముందు తివాసీలు సబ్బునీటితో కడిగిరని తేలెను. ఇదిగో కారణమనిరి. మఱికొన్ని యూళ్లలో పరీక్షింపగా కడుగని యిండ్లలోను వ్యాధి కనబడెను, కడిగిన యిండ్లలో పెక్కింట కనబడలేదు. ఇంటిదుమ్ములోని కంటికానని పురుగులను కొందఱు అనుమానించిరి. నిలువనీటి చెంత కాపురమును కొందఱు అనుమానించిరి. సూక్ష్మజీవులలో ఒకదాని తరువాత నొకదానిని పట్టి తెచ్చి నిలువబెట్టిరి. ఏదియు సాక్ష్యమునకు నిలువలేదు. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు ఒక్కసారియే జరిగినంతమాత్రమున కాకి పండును పడగొట్టినదని చెప్పరాదు గదా.

అయినను ఈ వెదకులాట వ్యర్థము కాలేదు. కొన్ని గుఱుతులు గట్టిగా చిక్కినవి. మూడు నెలలలోపు శిశువులకు ఈ వ్యాధి అరుదు. పెద్దలకు మఱియు అరుదు. తల్లినుండి సంక్రమించిన రక్షణ శిశువును కాపాడుచున్నదనియు, పెద్దలు ఎప్పుడో ఆ హేతువు నెదుర్కొని గట్టిపడిరనియు దీనినిబట్టి ఊహింపవచ్చును. జపానులో 1979, 1982, 1986 సంవత్సరములలో ఇది పెనుగాలివలె దేశమంతట వ్యాపించినది. ఋతువునుబట్టి హెచ్చుచు తగ్గుచు నుండును. ఇవి యన్నియు అంటువ్యాధుల నడక. కాని తట్టువలె ఒక బిడ్డనుండి ప్రక్క బిడ్డకు నేరుగా అంటినట్లు కనబడదు.

వంశమునకును ఇందు పాత్ర కలదు. జపానులో అయిదేండ్లలోపు పిల్లలు లక్షమందిలో ఏటేట 300 మందికి పైగా ఈ వ్యాధి పాలగుచుండుట 2010 తరువాతి యేండ్లలో చూచిరి. పడమటి దేశములలో అందు పదవవంతు కూడ నుండదు. జపాను విడిచి హవాయి ద్వీపములలో తరతరములుగా కాపురమున్న జపానువారి పిల్లలకును ఈ వ్యాధి అధికముగానే వచ్చుచున్నది. రోగికి తోడబుట్టినవారికి ఇతరులకన్న సుమారు పదిరెట్లు ఎక్కువ భయము. కావున విత్తనము ఏదో బయటినుండి వచ్చుచున్నది, అది మొలచుటకు తగిన క్షేత్రము కొందఱి యొడలిలో పుట్టుకతో నున్నది అని పలువురు పండితుల యభిప్రాయము. క్షేత్రమును గూర్చి కొంత తెలిసినది. విత్తన మేదో తెలియలేదు.

ఆ విత్తనము గాలిలో వచ్చుచున్నదా యను ప్రశ్న 2011లో బయలుదేరెను. దీనిని మన గోదావరి యొడ్డువారు సులభముగా గ్రహింపగలరు. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద నది 75.6 అడుగుల యెత్తునకు లేచినది. 2022 జులైలో 71.3 అడుగులు. ఆ నీరెల్ల భద్రాచలములో కురిసినది కాదు. ఎగువ ప్రాణహిత, ఇంద్రావతి పరీవాహములలో కురిసిన వాన రోజుల తరువాత మన మెట్లను ముంచును. వరదకు కారణ మెఱుగవలెనన్న ఎగువకు నడువవలెను. అట్లే కొందఱు విజ్ఞానులు జపాను రోగుల దినములను గాలుల పటములతో సరిచూచి, మధ్య ఆసియా దిక్కునుండి పెనుగాలులు వీచునప్పుడు రోగము హెచ్చుచున్నదనిరి. 2014లో, ఆ గాలుల మూలము చైనా దేశపు ఈశాన్యమందలి పంటపొలములు కావచ్చునని వ్రాసిరి. విమానములో ఎగిరి ఆ గాలిని పట్టి పరీక్షింపగా బూజుజాతి జీవులు కనబడినవి. అవియే కారణమని రుజువు కాలేదు.

గాలి యనగానే మన పల్లెలలో నొక మాట కలదు. బిడ్డకు మూసిన కన్ను తెఱవని జ్వరము వచ్చిన గాలి సోకినదందురు. పండితులు సైతము గాలి యనుచున్నారు గదా యని ఎవరైన తలంతురేమో. మలేరియా యను పేరునకు ఇటలీ భాషలో చెడుగాలి యని యర్థము. నూఱ్ల యేండ్లు లోకమంతయు బురదనేలలపై గాలియే చలిజ్వరమునకు మూలమని నమ్మినది. మన సికింద్రాబాదులోనే 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డు రాసు దోమ కడుపును చీల్చి సూక్ష్మదర్శినితో చూచి అందు మలేరియాజీవిని కనుగొనెను. గాలి తప్పించుకొన్నది, దోమ పట్టుబడినది. తాము చెప్పిన గాలిని ఆ విజ్ఞానులు పట్టి, కొలిచి, తప్పైన తప్పని తేల్చుకొనుటకు సిద్ధపడిరి. మనము చెప్పు గాలిని ఎవరును పరీక్షకు నిలుపరు. ఆ రెండింటికిని భేద మిదియే.

తరువాత 2020లో కోవిడు వచ్చినది. ఆ వసంతమున ఇటలీ దేశపు బెర్గామో పట్టణపు ఆసుపత్రిలో, అయిదేండ్లలో 19 మంది కవసాకి లక్షణములతో వచ్చినచోట, రెండు నెలలలోనే 10 మంది వచ్చిరి. ఇంగ్లండులోను, పిదప మన దేశమునను, కోవిడు సోకి తగ్గిన కొన్ని వారములకు పిల్లలకు ఇట్టి తాపవ్యాధియే కనబడెను. కాని ఆ పిల్లలు వయసున పెద్దవారు. వారికి కడుపునొప్పియు గుండెకండరముల బలహీనతయు అధికము. కావున దానిని వేఱు వ్యాధిగా నిర్ణయించిరి. అయినను ఒక సంగతి తేటపడినది. ఒక వైరసు వచ్చి పోయిన పిమ్మట, ఒడలిలోని రక్షకబలమే త్రోవ తప్పి సొంత రక్తనాళములపైకి తిరుగవచ్చునని కన్నులార చూచిరి. అదే 2020లో జపానువారు ముసుగులు ధరించి, బడులు మూసి, ఎడముగా నుండగా, అక్కడ అసలు కవసాకి వ్యాధి అంతకు ముందటి యేటికన్న సుమారు మూడవవంతు తగ్గినది. ఉన్నచో నుండుట అన్వయము, లేనిచో లేకుండుట వ్యతిరేకము. గాలులు వీచుట మానలేదు, మనుష్యుల రాకపోకలు తగ్గినవి, రోగము తగ్గినది. మనుష్యుని ఊపిరిలో సంచరించు సూక్ష్మజీవులకు ఇందు పాలు కలదను వాదమునకు ఇది బలము నిచ్చినది. అది యొక్క జీవియో, పెక్కింటిలో ఏదైనను చాలునో, తీర్పు ఇంకను వెలువడలేదు.

ఇక ఉపశయమును గూర్చి. నిదానము తెలియకున్నను వైద్యము దొరకినది. ఇది మఱువరాని సంగతి. 1984లో జపాను వైద్యులును, 1986లో అమెరికా వైద్యులును, వేలకొలది దాతల రక్తమునుండి తీసిన ప్రతిరక్షకముల సారమును నరమున నెక్కించినచో ఈ తాపము చల్లాఱుననియు, హృదయధమనుల ఉబ్బు చాలవఱకు తప్పుననియు నిరూపించిరి. వైద్యము లేనియెడల నూటికి ఇరువదియైదుగురు పిల్లలకు ధమనులు చెడును. సకాలమున ఈ మందు పడినచో నూటికి నలుగురైదుగురికి మాత్రమే. జ్వరము వచ్చిన పది దినములలోపల ఇచ్చుట ఉత్తమము. మందు ఖరీదైనదే, కాని పెద్ద ఆసుపత్రులలో దొరకును. ఇది ఏల పనిచేయునో కూడ పూర్తిగా తెలియదు. ఊరుపేరు తెలియని రక్తదాతల చలువవలన బిడ్డలు బ్రదుకుచున్నారు.

ఇది మన దేశమునకు రాని వ్యాధి కాదు. 1977లోనే మన పిల్లలలో దీనిని చూచి వైద్యపత్రికలో వ్రాసిరి. చండీగఢు నగరమున 1994లో పదునైదేండ్లలోపు పిల్లలు లక్షకు 0.51 చొప్పున లెక్కకు వచ్చిన ఈ వ్యాధి 2007 నాటికి 4.54 అయినది. రోగము పెరిగినదో, చూచు కన్నులు పెరిగినవో చెప్పుట కష్టము. చూచువారు లేనిచోట ఇది తట్టుగానో డెంగీగానో వ్రాయబడి మఱుగుపడును. మన యడవియంచు గ్రామములలో అట్టి మఱుగునకు అవకాశ మెక్కువ.

కావున రూపమును చెవినిడి వినుడు. అయిదు దినములు దాటినను తగ్గని తీవ్రజ్వరము మొదటి గుఱుతు. దానితో రెండు కన్నులు ఎఱ్ఱబడును, కాని పుసి కట్టవు. పెదవులు ఎఱ్ఱనై పగులును. నాలుక ఎఱ్ఱనై గరుకుగా గింజలు లేచును. ఒంటిమీద దద్దులు పుట్టును. అరచేతులు, అరికాళ్లు ఎఱ్ఱబడి వాచును. రెండుమూడు వారములకు వ్రేళ్లకొనల చర్మము పొరలుగా ఊడును. మెడయందు, తఱచుగా ఒకవైపున, బిళ్ల కట్టును. ఎడమ భుజమున క్షయటీకా వేసిన మచ్చ తిరిగి ఎఱ్ఱబడుటయు నొక సూచన. ఏడాదిలోపు బిడ్డలలో ఇవి యన్నియు కనబడకపోవచ్చును, అపాయము మాత్రము వారికే అధికము. ఒక్కసారిగా కాక ఒకటి వచ్చి పోయి మఱియొకటి రావచ్చును గనుక, నిన్న చూచినది నేడు వైద్యునికి చెప్పవలెను.

బడిలో హాజరుపట్టీ యుండునట్లు ఇంటిలో జ్వరపు పట్టీ యొకటి యుండవలెను. జ్వరము మొదలైన దినము, ఆ తరువాత ఒక్కొక్క దినమున కనబడినది, గోడపై క్యాలెండరుమీదనే గుఱుతు పెట్టుడు. అసలు పసిబిడ్డ జ్వరమునకు మూడవ దినముననే ఆశా కార్యకర్తకు చెప్పి మలేరియా, డెంగీ పరీక్షలు చేయింపవలెను. అవి లేవని తేలినను జ్వరము అయిదవ దినము దాటినచో, ఆ పట్టీని చేతబట్టుకొని పిల్లల డాక్టరును చూడుడు. ఇది కవసాకి కావచ్చునా యని అడుగుటకు సంకోచింపకుడు. గుండెను తెరమీద చూపు ఎకో పరీక్ష అవసరమగును. దగ్గఱి ఆసుపత్రిలో అది లేకున్న ఖమ్మమునకో, వరంగల్లునకో, హైదరాబాదులోని నీలోఫరు బాలల ఆసుపత్రికో పోవలెను. ఈ వ్యాధికి ఆస్పిరిను మాత్రలు కూడ వాడుదురు. కాని వైద్యుడు చెప్పక బిడ్డకు ఆ మాత్ర ఇయ్యరాదు. జ్వరము డెంగీ యైనచో రక్తస్రావ మగును. జ్వరము దిగినదని పరీక్షలు మానరాదు. ఈ రోగము నిశ్శబ్దమైన పిమ్మటను గుండెను చెఱుపవచ్చును.

చివరకు, రచ్చబండపై మాట చెల్లు పెద్దలకు ఒక విన్నపము. కారణము తెలియదను మాట వినుటకు మనసు ఒప్పుకొనదు. ఖాళీగానున్న పీటమీద ఎవరినో యొకరిని కూర్చుండబెట్టవలెనని తొందరపడును. దిష్టి యందురు, గాలి యందురు, చేతబడి, బాణామతి యందురు. దిష్టి తీసినందువలన నష్టము ఉప్పు మిరపకాయలు మాత్రమే, ఆసుపత్రి దినము దాటనిచో. కాని చేతబడి యను మాట పుట్టిన మఱుక్షణమున ఊరిలో ఒక ముఖము వెదకబడును. తఱచుగా అది వెనుక ఎవరును లేని యొక ముసలమ్మ ముఖము. ఆ మాటవలన మన తెలంగాణ పల్లెలలో మనుష్యులు కొట్టబడిరి, చంపబడిరి. బిడ్డ రోగము అట్లే యుండును. ఒక రోగమునకు తోడు ఒక హత్య చేరును. ప్రపంచమందలి విద్వాంసులు, యంత్రములతో, విమానములతో, అఱువది యేండ్లు వెదకియు ఇదిగో అపరాధి యని వ్రేలు చూపుటకు సాహసింపని చోట, ఒక రాత్రి పంచాయతిలో మన మెట్లు చూపగలము?

దైవమునకు మ్రొక్కుకొనుడు, భద్రాద్రి రాముని మ్రొక్కు ఆసుపత్రి త్రోవకు అడ్డము రాదు. మొదట బిడ్డను బండి యెక్కించి పిమ్మట మ్రొక్కుకొనుడు. ఎవరైన కారణమేమని యడిగిన, ఇంకను తెలియదు, వెదకుచున్నారు అని చెప్పుడు. ఆ మాట చెప్పుటకు తోక్యో వైద్యుడు సిగ్గుపడలేదు. ఆ నిజాయితీవలననే కాగితము తెఱచియుండినది, రెండవ రోగి గుర్తింపబడెను, మందు పుట్టినది. కారణము దొరకు దినము వచ్చును. అది వచ్చువఱకు మన చేతిలోనున్నది దినములు లెక్కించుట, లక్షణములు చూచుట, నిందను ఆపుట.

సెలవు.